ఉత్తర దిక్కు గడిలో డిటో

నేను రిటైరయ్యానని మా ఆవిడ రజని గుళ్లో కనిపించిన వాళ్లందరికీ చెబుతోంది. అది ఆవిడ మర్యాద. అసలు జరిగిందేమిటంటే, నా యాభై ఆరో ఏట, ఒక మంగళవారం పొద్దున కిటికీ లేని గదిలోకి పిలిచి నా చేత కేకు కోయించారు. ఇంగ్లీషులో నా పేరుకి ఉన్నవే ఆరు అక్షరాలు. కేకు మీద వాటిలో మూడు తప్పు. ఇరవై ఆరేళ్లు కార్ల రేడియోలకి చెవులు తాకట్టు పెట్టిన మనిషికి మిషిగన్ రాష్ట్రం జరిపిన పౌర సన్మానం అది. కేకు కూడా నిన్నటిది.

నా పూర్తి పేరు దక్షిణామూర్తి. ఆఫీసులో మూర్తి. ఆ స్వామి దక్షిణం వైపు తిరిగి కూర్చుని, నోరు విప్పకుండా పాఠం చెబుతాడట. మా నాన్న ముచ్చటపడి పెట్టాడు. నా ఉద్యోగ చరిత్ర మొత్తం ఆ పేరులోనే ఇమిడి ఉందని పాపం ఆయనకేం తెలుసు.

ఈమధ్య శ్రావ్య మా ఇంటికొచ్చింది. మా స్నేహితుల కూతురు, మేముండే ఈ ట్రాయ్‌లోనే పుట్టి పెరిగింది, కార్ల ఆడియో ఇంజనీరుగా చేరబోతోంది.

"అంకుల్, మీ జాబ్‌లో మీరు రియల్‌గా ఏం చేశారు? ఆఫర్ లెటర్‌లో రాసేది కాదు. రియల్‌ది."

"కార్లలో సాటిలైట్ రేడియో సౌండ్ బాగుచేశానమ్మా."

"ఓ, అది ఇంకా ఉందా? అందరూ ఫోనే కదా వింటారు?" అంది, మ్యూజియంలో ఎముకలు చూస్తున్నంత గౌరవంగా.

వంటింట్లోంచి రజని గొంతు వినిపించింది. "ఉందమ్మా. అంకుల్ చేసింది మాత్రం ఉత్తరం వైపు వెళ్తే వినపడదు."

శ్రావ్య నవ్వింది. నేను నవ్వలేదు. నా వల్ల ఉద్యోగం పోయిన మనిషి ఒకడున్నాడు. పేరు వాల్ట్. ట్రాయ్‌కి ఉత్తరానే ఉంటాడు. ఆయన సంగతి చెప్పకుండా ఈ వృత్తి గురించి ఎవరికి ఏం చెప్పినా అది ఆఫర్ లెటరే అవుతుంది. అందుకని రాస్తున్నాను.

ఎండబెట్టిన పాట

ముందు సరుకు ఏమిటో తెలియాలి. ఆకాశంలో వేల మైళ్ల ఎత్తున వేలాడే ఉపగ్రహం నుంచి మన కారు మీదున్న సబ్బుబిళ్లంత యాంటెన్నాకి పాట అందుతుంది. వందల స్టేషన్లు ఒకేసారి పంపాలి గనుక పాటని పాటలాగా పంపరు. నీళ్లు పిండి, ఎండబెట్టి, వడియం చేసి పంపుతారు. కారులో ఉన్న పెట్టె దాన్ని వేయించి మన చెవిలో పెడుతుంది. వడియం ఎంత బాగా వేగినా తిరిగి గుమ్మడికాయ కాదు. ఈ ఒక్క ముక్క ఒప్పుకోలేని వాళ్లతోనే నా సగం జీవితం గడిచిపోయింది.

వాళ్లేం చేస్తారంటే, పాట పల్చగా ఉందని బాసూ ట్రెబులూ రెండూ చివరికంటా తిప్పుతారు. వాళ్ల కారు సిగ్నల్ దగ్గర ఆగితే పక్క కారులో వాడి కట్టుడు పళ్లు ఊడి ఒళ్లో పడతాయి. అలా చేయకండి. ఎండబెట్టడంలో ముందు చెడేవి తాళాల గలగల, మాటల్లో సకారాలు. కాబట్టి ట్రెబుల్ కాస్త తగ్గించండి, మచ్చలు కనపడవు. బాస్ కావాలంటే మీట తిప్పడం కాదు, తలుపు విప్పి లోపల రేకు అదరకుండా దళసరి ఫోమ్ అతికించండి. రేడియో నుంచి స్పీకర్లకి నేరుగా వైరు వెయ్యండి. కారు లోపలే బుల్లి ఎఫ్‌ఎం స్టేషన్ పెట్టి దాని ద్వారా వినిపించే చవక పరికరాలు ఉంటాయి. అది వేయించిన వడియాన్ని మళ్లీ నానబెట్టి మళ్లీ వేయించడం. ఇక యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా స్పీకర్లో దోమ రాగం తీస్తోందంటే స్పీకర్ని తిట్టకండి. ఎవరో మహానుభావుడు ఎర్త్ వైరుని పెయింటు మీద బిగించి చేతులు దులుపుకున్నాడు. పెయింటు గీకి, మెరిసే రేకు మీద బిగించండి, దోమ చస్తుంది.

మా ఊళ్లో ఒకాయన కొత్త కారుకి పూజ చేయించి, యాంటెన్నాకి కూడా పసుపు రాసి బొట్లు పెట్టించాడు. మర్నాడే ఫోన్. "మూర్తిగారూ, బొట్టు వల్ల సిగ్నల్ ఆగిపోయిందండీ, తుడిచేస్తే దోషమా?" నేను పరుగెత్తుకుంటూ వెళ్లాను. కారు గరాజులో ఉంది. గరాజుకి పైకప్పు ఉంటుందనీ, ఆకాశం దానికి అవతల ఉంటుందనీ ఆయనకి నచ్చజెప్పడానికి నలభై నిమిషాలు పట్టింది. ఈ ఉద్యోగంలో సగం ఇదే. యాంటెన్నాకి ఆకాశం కనబడాలి. అంతకు మించి శాస్త్రం లేదు. మిగతా సగం, కనబడడం లేదని తెలిసినప్పుడు నోరు తెరవడం. అది నేను నేర్చుకోలేదు.

మర్ఫీగారి పేగు

ఆ మొదటి సగం నాకు నేర్పింది వాల్ట్. మా కంపెనీలో నమూనా కార్లు తయారుచేసే షెడ్డులో మెకానిక్. పనసకాయలంత చేతులు. ఒక్కో వేలు నా మణికట్టంత. ఆ చేతులతోనే యాంటెన్నా కేబుల్ని వెనక అద్దం రబ్బరు కిందికి, చిన్నపిల్ల జడలో రిబ్బను దూర్చినంత సుతారంగా దూర్చేవాడు. మూర్తి అనే మాట ఆయన నోట్లో తిరక్క నన్ను మర్ఫీ అనేవాడు. ఆయన మాట్లాడింది ఇంగ్లీషే. తెలుగులో రాస్తే ఆ గొంతు సగం పోతుంది. వడియం సంగతి చెప్పానుగా.

నేను చేరిన మొదటి వారం ఒక కారుకి యాంటెన్నా బిగిస్తుంటే కేబుల్ మిగిలిపోయింది. మిగిలింది కదా అని కత్తిరించాను. వాల్ట్ ఆ ముక్క చేతిలోకి తీసుకుని, చచ్చిన పామును చూసినట్టు చూశాడు.

"ఏం చేశావు మర్ఫీ?"

"పొడుగు ఎక్కువైంది. కత్తిరించాను."

"నీ పేగు ఎంత పొడుగో తెలుసా? నీకన్నా నాలుగింతలు. ఎక్కువైందని కత్తిరించుకున్నావా?"

ఆ ముక్కకి "మర్ఫీగారి పేగు" అని చీటీ కట్టి షెడ్డు గోడకి వేలాడదీశాడు. పన్నెండేళ్లు, షెడ్డులోకొచ్చిన ప్రతి పెద్దమనిషికీ, సెక్యూరిటీ వాళ్లకీ, కాఫీ మెషీన్ బాగుచేయడానికొచ్చిన వాడికీ నన్ను ఆ పేగు చూపించే పరిచయం చేశాడు.

కేబుల్ మిగిలితే సీటు కింద వదులుగా చుట్టాలి, చుట్ట చేతి గాజు కన్నా చిన్నది కాకూడదు. యాంటెన్నా పైకప్పు నడిమధ్య పెట్టాలి, చుట్టూ రేకు ఉండాలి. అన్నీ అయ్యాక కారుని నాలుగు దిక్కులా నడపాలి. "ఒక్క దిక్కున నడిపి బాగుందనే వాడు ఇంజనీరు కాడు, సేల్స్‌మన్" అనేవాడు. మన ఉపగ్రహాలు మిషిగన్‌కి దక్షిణాన వేలాడతాయి గనుక ఆ మాటకి విలువ ఎక్కువ.

నాకూ మా మేనేజరుకీ మధ్య నడిచే తెలుగు వింటూ ఒకసారి వాల్ట్ అడిగాడు. "మీరిద్దరూ రోజుకి వందసార్లు ఫార్వలేడూ, ఫార్వలేడూ అంటుంటారు. ఏమిటది?"

"ఓకే అని," అన్నాను. నా జీవితంలో నేను చేసిన అతి పేలవమైన అనువాదం అది.

మొహం మీద మొటిమ

పదిహేనేళ్ల కిందట కొత్త మోడల్ ఒకటి వచ్చింది. దానికి అందం దిద్దే బృందం మా మీటింగుకొచ్చి, పైకప్పు మీద ఉన్న యాంటెన్నాని మొహం మీద మొటిమ అన్నారు. మొటిమ తీసేయాలన్నారు. తీసి ఎక్కడ పెట్టాలి? డాష్‌బోర్డు ప్లాస్టిక్ కింద, ముందు అద్దం వెనకాల. బయటికి కనపడదు. చాలా బాగుంది. కారు దక్షిణం వైపు వెళ్తున్నంత సేపూ ముందు అద్దంలోంచి ఆకాశం కనబడుతుంది, పాట వస్తుంది. కారు ఉత్తరానికి తిరిగిందంటే ఉపగ్రహానికీ యాంటెన్నాకీ మధ్య కారు సొంత పైకప్పే అడ్డం నిలబడుతుంది. ఇది చెప్పడానికి ఇంజనీరు అక్కర్లేదు. గొడుగు పట్టుకున్న ఎవరైనా చెప్పగలరు.

వాల్ట్ చెప్పాడు కూడా. "మెకానిక్ కదా" అని ఊరుకున్నారు.

మా మేనేజరు రావుగారు గుంటూరు వైపు మనిషి. దుర్మార్గుడైతే ఈ కథ రాయడం తేలికయ్యేది. నేను ఈ దేశంలో దిగినప్పుడు ఎయిర్‌పోర్టుకొచ్చింది ఆయనే. మొదటి చలికాలం నేను వేసుకున్న కోటు ఆయనదే, అందులో నాలాంటి వాళ్లు ముగ్గురు పట్టేవారు. మా అమ్మాయి పుట్టినప్పుడు పులిహోర వండించి తెచ్చారు. నా గ్రీన్ కార్డు కాగితాలు కంపెనీ చేత వేయించిందీ ఆయనే. ఆ ఫైలు అప్పటికి ఏడో ఏడు నడుస్తోంది. ఉద్యోగం పోతే ఫైలు పోతుంది. ఫైలు పోతే రజనీ, నేనూ, సెకండ్ గ్రేడ్ చదువుతున్న పిల్లా సూట్‌కేసులు దించుకోవాలి. పిల్లలూ, చెడ్డ బాసుకి ఎదురు చెప్పడం సులువు. పులిహోర తెచ్చిన బాసుకి ఎదురు చెప్పి చూడండి, అప్పుడు తెలుస్తుంది.

శుక్రవారం బఫే

కొత్త యాంటెన్నా పనిచేస్తోందని రోడ్డు మీద నడిపి నిరూపించాలి. దానికో ఫారం. ఒక గడి దక్షిణం వైపు ప్రయాణానికి, పక్క గడి ఉత్తరం వైపు ప్రయాణానికి. రెండింట్లోనూ పదికి ఎన్ని మార్కులో వేసి, కింద సంతకం చేయాలి. సంతకం నాది.

మా ఆఫీసుకి సరిగ్గా దక్షిణాన, ఎనిమిది మైళ్లలో ఒక స్ట్రిప్ మాల్‌లో ఆంధ్రా హోటలుంది. మధ్యాహ్నం బఫే. శుక్రవారం గోంగూర మటన్. రావుగారు మ్యాపు చూసి, "టెస్ట్ రూటు ఇదే పెట్టేద్దాం మూర్తీ, రెండు పనులూ అయిపోతాయి" అన్నారు. ఆ విధంగా అమెరికన్ వాహన పరిశ్రమ భవిష్యత్తు గోంగూర మీద ఆధారపడింది.

వెళ్లేటప్పుడు రేడియో అద్భుతం. ప్రతి అక్షరం ముత్యం. నేను వింటూ ఎనిమిది వేసేవాణ్ణి. హోటల్లో రావుగారి ప్లేటు చూస్తే సివిల్ ఇంజనీర్లు చేతులు జోడించాలి. అన్నం పునాది, పప్పు గోడలు, పైన అప్పడాల గోపురం. అందులో ఒక్క మెతుకు జారేది కాదు.

తిరిగి కారెక్కి ఉత్తరానికి మళ్లగానే సీటు వెనక్కి వాల్చేవారు.

"ఇంక చాలు మూర్తీ, ఆ గోల ఆపు. తిన్నది అరగొద్దూ?"

"ఈ వైపు కూడా వినాలి కదండీ. ఫారంలో గడి ఉంది."

"రోడ్డు అదే, కారు అదే, చెవులు అవే. ఏం మారుద్దయ్యా? ఆ పాత పాటల సీడీ పెట్టు."

సీడీ పెట్టేవాణ్ణి. రెండో పాట పల్లవికి ఆయన గురక తాళం. ఆఫీసు పార్కింగులో కారు ఆపి, స్టీరింగ్ మీద ఫారం పెట్టుకుని, ఉత్తర దిక్కు గడిలో ఏం వేయాలా అని ఒక క్షణం ఆలోచించి, డిటో పెట్టేవాణ్ణి. రెండు చిన్న గీతలు. ఇరవై రెండు ట్రిప్పులు, ఇరవై రెండు డిటోలు. కాగితం మీద చీమలు బారు కట్టి ఉత్తరానికి పోతున్నట్టుండేది.

నాకు తెలియదా? తెలుసు. ఉపగ్రహాలు దక్షిణాన ఉంటాయని తెలుసు, పైకప్పు రేకుదని తెలుసు. తెలిసినదాన్ని చెవితో వినకుండా ఉండడానికి ఇరవై రెండుసార్లు సీడీ పెట్టాను. రావుగారికి తిన్నది అరగడం ముఖ్యం, సరే. నాకేం ముఖ్యమో నేను ఆలోచించదలుచుకోలేదు.

"ఫర్వాలేదండీ"

ఆ కారుని ఒకరోజు వాల్ట్ తన ఇంటికి తీసుకెళ్లాడు. మర్నాడు తాళాలు నా బల్ల మీద పెట్టి, "మర్ఫీ, ఈ కారు ఇంటికెళ్లేటప్పుడు మూగది. ఆఫీసుకొచ్చేటప్పుడు వాగుడుకాయ" అన్నాడు.

ఆ సాయంత్రం నేను ఒక్కణ్ణీ వాల్ట్ వాళ్ల ఊరు లేక్ ఓరియన్ దాకా ఉత్తరానికి నడిపాను. రేడియోలో ఎవరో వాతావరణం చెబుతున్నాడు. "రేపు ఉదయం" అన్నాడు. నిశ్శబ్దం. "జాగ్రత్త" అన్నాడు. ఆ రెండింటి మధ్య మంచు తుపానో, భూకంపమో, ప్రళయమో దేవుడికే తెలియాలి.

రావుగారి దగ్గరికి వెళ్లాను. తలుపు వేయమన్నారు.

"ఉత్తరం వైపు తెగిపోతోందండీ. బాగా తెగుతోంది. పైకప్పు మీదికి మార్చాలి."

"ఇప్పుడా? మార్చితే ప్రోగ్రామ్ ఆరు నెలలు వెనక్కి పోద్ది. ప్రోగ్రామ్ వెనక్కి పోతే నీ పొజిషన్ ఉంటుందా?" ఆయన గొంతు తగ్గించి, నిజంగా ప్రేమగానే, "ఫైలు చివర్లో ఉంది కదయ్యా. పిల్ల చదువుకుంటోంది. ఎందుకొచ్చిన గొడవ?" అన్నారు.

వారం తిరక్కుండా, మా దగ్గర రేడియోలు కొనే కారు కంపెనీ వాళ్లు మీటింగుకొచ్చారు. వాల్ట్ మాట ఎలాగో వాళ్ల చెవిన పడింది. వాళ్ల ఇంజనీరమ్మ సూటిగా నన్నే అడిగింది. ఉత్తరం వైపు నడిపి చూశారా, ఎలా ఉంది? గదిలో పన్నెండు మంది. గోడకి ఆనుకుని వాల్ట్. రావుగారు నా వైపు తిరిగి తెలుగులో, "చెప్పు మూర్తీ, ఎలా ఉంది?" అన్నారు.

"ఫర్వాలేదండీ," అన్నాను.

ఆ మాట మన ఇళ్లలో ఏమిటో మీకు తెలుసు. కూర ఎలా ఉందంటే ఫర్వాలేదు అన్నామనుకోండి, వండిన మనిషి ఆ గిన్నె మళ్లీ మన వైపు జరపదు. "బాగాలేదు, కానీ భరిస్తాను, నువ్వు బాధపడకు" అనే ఇంత పొడుగు వాక్యాన్ని నాలుగక్షరాల్లోకి ఎండబెట్టిన వడియం అది. నేను అబద్ధం చెప్పలేదని ఆ సాయంత్రం రజనితో వాదించాను కూడా.

"అవును, చెప్పలేదు," అంది ఆవిడ. "అనువదించడానికి పక్కన మనిషిని పెట్టుకున్నారు."

రావుగారు ఆ మాటని ఇంగ్లీషులో "బ్రహ్మాండంగా ఉందంటున్నాడు, ఏ సమస్యా లేదట" అని చెప్పారు. ఇంజనీరమ్మ రాసుకుంది. నేను దక్షిణం వైపు కిటికీలోంచి చూస్తూ మౌనంగా కూర్చున్నాను. నా పేరు సార్థకమైంది.

కాటేజీలకి వెళ్లే జనం

కార్లు అమ్ముడుపోయాయి. మిషిగన్‌లో వేసవి శుక్రవారం సాయంత్రమైతే సగం రాష్ట్రం పడవలు తగిలించుకుని ఉత్తరానికి, సరస్సుల ఒడ్డున ఉన్న కాటేజీలకి కదిలిపోతుంది. ఆ సంగతి గోంగూర రుచి మరిగిన మా ఇద్దరికీ తట్టలేదు. సోమవారం పొద్దున ఫిర్యాదుల వాన. వాటిని చదివితే ఉత్తరానికి పోతున్న జనం మొత్తం నన్ను పేరుపెట్టి తిడుతున్నట్టుండేది. కాటేజీ నుంచి దక్షిణానికి తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఎవరికీ ఫిర్యాదు లేదు.

విచారణ పెట్టారు. వెనక్కొచ్చిన కార్లు విప్పితే రెండింట్లో కేబుల్ ముందు అద్దం పక్కనుండే రేకు స్తంభం దగ్గర నలిగి ఉంది. ఫ్యాక్టరీలో ఎవరో తొందరపడి నొక్కేశారు. రావుగారికి ఆ రెండు కార్లు చాలు. కేబుల్ ఎలా వేయాలో పద్ధతి రాసింది వాల్ట్. కాబట్టి తప్పు యాంటెన్నాది కాదు, బిగింపుది. బల్ల మీద నా ఫారాలు పరిచారు. రెండు దిక్కులా పరీక్షించినట్టు ఇరవై రెండు సంతకాలు.

వాల్ట్‌ని అడిగారు. "నీ తరఫున చూపించడానికేమైనా ఉందా?"

వాల్ట్ ఆ ఫారాల వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. ఈ పిట్టకథకుడు ఏది చెప్పినా పదింతలు చేసి చెబుతాడని మా బంధువుల్లో నాకు పేరుంది. ఇదొక్కటీ పెంచి చెప్పడం లేదు. నేను నోరు తెరవడానికి కావాల్సినంత సేపు చూశాడు.

"లేదు," అన్నాడు. "నా దగ్గరేమీ లేదు."

రిటైర్ కావడానికి పద్నాలుగు నెలల ముందు వాల్ట్‌ని ఇంటికి పంపారు. ఆయనకి కేకు కూడా లేదు. ముప్పై ఏళ్ల పనిముట్ల పెట్టె రెండు చేతులా పట్టుకుని వస్తుంటే నేను పరుగున వెళ్లి షెడ్డు తలుపు తెరిచి పట్టుకున్నాను. అంత కథలో ఆయనకి నేను చేసిన సాయం అదీ. తలుపు పట్టుకున్నాను.

రావుగారికి ప్రమోషన్ వచ్చింది. ప్రమోషన్ల గురించి రాయకూడదనుకున్నాను గనుక వదిలేస్తున్నాను. మరుసటి ఏడు నా గ్రీన్ కార్డు వచ్చింది. రజని దాన్ని దేవుడి ముందు పెట్టి, "ఏ దేవుడికి దణ్ణం పెట్టాలో మీరే చెప్పండి" అంది.

నాలుగు దిక్కులూ

శ్రావ్య వెళ్లిపోయాక రజని చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "పిల్లలకి పాఠాలు తర్వాత చెబుదురుగాని, ముందు ఆయన దగ్గరికి వెళ్లి రండి."

"ఏమని వెళ్లను?"

"రేడియో బాగుచేయించుకోవడానికి వెళ్లండి. కారు అదేగా."

అదే. ఆ మోడలే నేనూ కొన్నాను, ఆఫీసులో అందరూ కొన్నారు. చలికాలం మంచు కరగడానికి మిషిగన్ రోడ్ల మీద చల్లే ఉప్పు దాని కింది భాగాన్ని తినేసి, ఇప్పుడు నన్ను కూడా చూసి చప్పరిస్తోంది. లేక్ ఓరియన్ వైపు తిరగగానే రేడియో మాట్లాడడం మానేసింది. పద్నాలుగేళ్లుగా అలవాటే. ఆ రోజు మాత్రం నేను దాన్ని ఆపలేదు. ఆ తెగిన మాటలన్నీ వింటూ వెళ్లాను.

వాల్ట్‌కి ఇప్పుడు డెబ్బై ఆరు. ఇంటి పక్క గరాజులో రేడియోలు బాగుచేస్తాడు. లోపల రెండు కార్లు. రెండూ మా మోడలే.

"ఉత్తరాన ఉండేవాళ్లందరూ నా దగ్గరికే వస్తారు," అన్నాడు, నిన్నే చూసిన మనిషితో అన్నట్టు. "మీ కంపెనీ దయ మర్ఫీ. పని తరగదు."

గోడ మీద చీటీ కట్టిన కేబుల్ ముక్క వేలాడుతోంది. చీటీ మీద రాత వెలిసిపోయింది.

కొత్త యాంటెన్నా తీసి నా చేతిలో పెట్టాడు. స్టూలు మీద కూర్చుని, "కానివ్వు" అన్నాడు. నేను పైకప్పు మధ్య తుడిచి బిగించాను. వెనక అద్దం రబ్బరు కింద కేబుల్ దూర్చాను. నా నడుము కుయ్యోమంది, మోకాళ్లు రెండూ కలిసి రాజీనామా ఇచ్చాయి. కేబుల్ మిగిలింది. గాజు కన్నా పెద్ద చుట్ట చుట్టి సీటు కింద పెట్టాను. వాల్ట్ వంగి చూసి, బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. బల్ల సొరుగులోంచి ఏదో తీసి చొక్కా జేబులో పెట్టుకుని, వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు.

తూర్పుకి నడిపాను. దక్షిణానికి నడిపాను. పడమటికి నడిపాను. తర్వాత ఉత్తరానికి తిప్పాను. రేడియోలో ఒకామె పడవల ధరల గురించి చెబుతోంది. ఒక్క అక్షరం పోలేదు.

"వాల్ట్," అన్నాను. "ఆ ఇరవై రెండు సార్లూ నేను ఉత్తరం వైపు వినలేదు."

"తెలుసు."

చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి డాష్‌బోర్డు మీద పెట్టాడు. రోడ్డు పక్కన కారు ఆపి విప్పాను. టెస్ట్ కారు సీటు కింద, తన కేబుల్ పని చూసుకోవడానికి వాల్ట్ సొంతంగా ఒక చిన్న పెట్టె బిగించాడట. కారు ఏ వైపు పోతోంది, సిగ్నల్ ఎంత, స్పీకర్లో ఏం మోగుతోంది అన్నీ అది రాసిపెట్టింది. ఆ లెక్కే ఈ కాగితం. వెళ్లేటప్పుడు రేడియో. వచ్చేటప్పుడు సీడీ. రేడియో, సీడీ, రేడియో, సీడీ. నా ఇరవై రెండు డిటోల పక్కన ఇరవై రెండు సీడీలు.

"విచారణ రోజు ఇది నీ దగ్గరుందా?"

"ఇదే జేబులో."

"మరి లేదన్నావు."

వాల్ట్ కిటికీ వైపు చూశాడు. "నీ గ్రీన్ కార్డు కాగితాలు నడుస్తున్నాయని నువ్వే చెప్పావు కదా. నన్ను పంపిస్తే మహా అయితే ఇంటికి పంపిస్తారు. ఇరవై నిమిషాల దారి. నిన్ను పంపిస్తే..." ఆపేశాడు. "నువ్వే చెబుతావనుకున్నాను. కాసేపు చూశాను."

ఆ కాగితాన్ని మళ్లీ అవే మడతల్లో మడవడానికి నాకు చాలాసేపు పట్టింది. చెప్పాల్సింది ఆ రోజే, గోడకి ఆనుకుని నువ్వు చూస్తున్నప్పుడే చెప్పాల్సిందని అన్నాను. తప్పు నాదన్నాను. క్షమించమన్నాను. పద్నాలుగేళ్లు లోపల ఇరవై రకాలుగా రాసుకున్న ప్రసంగం, బయటికొచ్చేసరికి మూడు వాక్యాలైంది.

వాల్ట్ కాగితం తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. గుండీ పెట్టుకున్నాడు.

"ఫార్వలేడూ," అన్నాడు.

రావుగారు పక్కనుంటే వెంటనే ఇంగ్లీషులోకి మార్చి చెప్పేవారు. నేను తెలుగువాణ్ణి. నాకు ఎవరూ మార్చి చెప్పక్కర్లేదు. కారు గేరు వేసి ఉత్తరానికే పోనిచ్చాను. రేడియో చాలా స్పష్టంగా వినిపిస్తోంది.